ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2: పాత ఆటకు కొత్తగా తిరిగొచ్చేవాళ్ళకు మొదటి పది నిమిషాల పాఠం

1999లో వచ్చిన కంప్యూటర్ ఆటల్లో ఇవాళ్టికీ రోజూ జనం పోటీపడి ఆడేవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. వాటిలో, ఊరు కట్టి సైన్యం పెంచి ఎదుటివాళ్ళను ఓడించే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఒకటి. ఎన్సెంబుల్ స్టూడియోస్ తయారుచేసింది, మైక్రోసాఫ్ట్ విడుదల చేసింది. 2000లో కాంకరర్స్ అనే అదనపు భాగం వచ్చింది, 2013లో హెచ్‌డీ రూపం, 2019 నవంబరులో డెఫినిటివ్ ఎడిషన్. 2022లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ కోటలో, అసలు సిసలు కోటలోనే, ఈ ఆటకు పెద్ద టోర్నమెంటు జరిగింది. ఇన్నేళ్ళు నిలబడటానికి బొమ్మల అందం కారణం కాదు. ఈ ఆటలో లెక్క దాచిపెట్టింది ఏదీ లేదు. ఒక విలేజర్, అంటే ఆటలో పనులన్నీ చేసే ఊరి మనిషి, తయారవడానికి ప్రపంచంలో ఎవరికైనా 25 సెకన్లే, 50 ఫుడ్డే. చాంపియన్‌కైనా నిన్న మొదలుపెట్టినవాళ్ళకైనా చేతికిచ్చేది అవే ముగ్గురు విలేజర్లు. తేడా అంతా ఆ సెకన్లను ఎలా ఖర్చుపెట్టామన్నదే. అందుకే మన ఆటను గడియారంతో కొలుచుకోవచ్చు, నిన్నటికంటే ఇవాళ ఎంత మెరుగుపడ్డామో అంకెల్లో చూసుకోవచ్చు.

నెట్ సెంటర్ రోజుల్లో ఆడినవాళ్ళకు చీట్ కోడ్ కొడితే దిగే కోబ్రా కారు గుర్తుంటుంది గానీ, మొదటి పది నిమిషాలు ఎలా ఆడాలో చాలామందికి ఎప్పుడూ తెలియలేదు. ఈ పాఠం ఆ పది నిమిషాల గురించే. ఇక్కడ చెప్పే అంకెలన్నీ డెఫినిటివ్ ఎడిషన్‌వి.

ముందు సర్దుకోవాల్సినవి

సింగిల్ ప్లేయర్‌లో స్కర్మిష్ తెరిచి మ్యాప్ అరేబియా, వనరులు స్టాండర్డ్, జనాభా 200 పెట్టండి. అందరూ ఆడే వేగం నార్మల్, అంటే 1.7. దానర్థం తెరమీది గడియారంలో 25 సెకన్లు మన చేతి గడియారంలో దాదాపు 15 సెకన్లలో గడిచిపోతాయి. మొదటి నాలుగైదు ఆటలు స్లో, అంటే 1.0 వేగంలో ఆడటం తప్పేమీ కాదు. అంకెలు ఎప్పుడూ ఆటలోని గడియారం ప్రకారమే చూసుకోవాలి కాబట్టి వేగం మారినా లెక్క మారదు.

నాగరికతగా ఫ్రాంక్స్‌ను తీసుకోండి. వాళ్ళ గుర్రపు దళానికి 20 శాతం ఎక్కువ ప్రాణం, మిల్లులో జరిగే పరిశోధనలన్నీ ఉచితం. చైనీస్ ఆట మొదలయ్యేదే వేరేగా ఉంటుంది: ముగ్గురు విలేజర్లు ఎక్కువ, చేతిలో ఫుడ్ సున్నా. హన్స్‌కు ఇళ్ళే అక్కర్లేదు. ఇలాంటివాటితో నేర్చుకుంటే మిగతా నాగరికతలకు పనికిరాని అలవాట్లు పడతాయి.

మనవాళ్ళకు ద్రవిడియన్స్ మీదికి మనసు పోవడం సహజమే. 2022లో వచ్చిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అనే అదనపు భాగంతో రాజేంద్ర చోళుడి దండయాత్ర కథ సహా ఆ నాగరికత వచ్చింది. అందులో వూట్జ్ స్టీల్ అనే పరిశోధన ఉంది. చేయిస్తే మన కాల్బలం, గుర్రపు దళం కొట్టే దెబ్బకు శత్రువు కవచం అడ్డురాదు. ఆ ఉక్కు కల్పన కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కాచిన ఉక్కు ముద్దల కోసం ఇరాన్ వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. కానీ ద్రవిడియన్స్‌కు నైట్‌లు, అంటే కవచం తొడిగిన గుర్రపు వీరులు, లేరు. కింద చెప్పే పద్ధతి గుర్రాల మీద నడిచేది. ముందు ఫ్రాంక్స్‌తో చేయి తిరగనివ్వండి, తర్వాత చోళులు ఎక్కడికీ పోరు.

కీబోర్డులో మొదట మూడే మీటలు చాలు. విలేజర్లు పుట్టే టౌన్ సెంటర్‌కు హెచ్, అక్కడ విలేజర్‌ను చేయడానికి క్యూ, పనిలేకుండా నిలబడ్డ విలేజర్‌ను చూపించడానికి ఫుల్‌స్టాప్. మీ దగ్గర ఇవి వేరేగా ఉంటే సెట్టింగ్స్‌లో మార్చుకోండి. హెచ్, క్యూ అన్న జంట ఆలోచించకుండా వేళ్ళకు రావాలి. మరొకటి షిఫ్ట్. దాన్ని నొక్కి పట్టుకుని ఒకే విలేజర్‌కు వరసగా పనులు చెప్పవచ్చు: ఇల్లు కట్టు, తర్వాత మిల్లు కట్టు, తర్వాత పళ్ళు కోయి. పాత రూపంలో ఈ సౌకర్యం లేదు. తిరిగొచ్చినవాళ్ళు దీన్ని వాడకుండా ఊరికే చేతులు నొప్పి తెచ్చుకుంటున్నారు.

ఆట మొదలైన క్షణం

చేతిలో 200 ఫుడ్, 200 వుడ్, 100 గోల్డ్, 200 స్టోన్ ఉంటాయి. ముగ్గురు విలేజర్లు, ఒక గుర్రపు స్కౌట్. తెర కనబడగానే చేయాల్సింది హెచ్ నొక్కి విలేజర్లను వరసకట్టించడం. 200 ఫుడ్‌కు నలుగురు వస్తారు, నలుగురినీ పెట్టేయండి. ఆ తర్వాతే మిగతావి. ఇద్దరు విలేజర్లు కలిసి ఒక ఇల్లు, మూడోవాడు ఇంకో ఇల్లు కడతారు. ఒక్కో ఇంటికి 25 వుడ్, ఒక్కో ఇంట్లో ఐదుగురికి చోటు. టౌన్ సెంటర్ ఇచ్చే ఐదు చోట్లతో కలిపి మొత్తం పదిహేను.

స్కౌట్‌ను టౌన్ సెంటర్ చుట్టూ చిన్న ప్రదక్షిణ చేయించండి. మొదటి నాలుగు గొర్రెలు దగ్గర్లోనే ఉంటాయి. తర్వాత ఇంకాస్త పెద్ద చుట్టు తిప్పితే రెండు జతలు దొరుకుతాయి. అదే చుట్టులో రెండు అడవిపందులు, పళ్ళ పొదలు, గోల్డ్, స్టోన్, అడవి అంచు ఎక్కడున్నాయో కళ్ళలో పెట్టుకోండి. ఆటో స్కౌట్ అనే బటన్ కూడా ఉంది. మొదటి పది ఆటలకు వాడుకోండి, చేతులు ఇంటిపని మీదే ఉంటాయి. ఎదురుగా మనిషి ఆడుతున్నప్పుడు మాత్రం స్కౌట్ మీ చేతిలోనే ఉండాలి. లేకపోతే అవతలి స్కౌట్ మీకంటే ముందొచ్చి మీ గొర్రెలను తోలుకుపోతుంది.

ఎవరు ఎటు వెళ్ళాలి

ఈ పద్ధతిలో 21 మంది విలేజర్లు, ఒక స్కౌట్, అంటే జనాభా 22 దగ్గర, మొదటి దశ డార్క్ ఏజ్ నుంచి రెండోదైన ఫ్యూడల్ ఏజ్‌కు నొక్కుతాం.

మొదటి ఆరుగురూ గొర్రెల మీదికి. గొర్రెలను టౌన్ సెంటర్ గోడకు ఆనించి నిలబెట్టి, ఒకటి పూర్తయ్యాకే ఇంకొకటి కోయాలి. కోసిన జంతువు ఫుడ్ ఊరికే ఉంటే కుళ్ళి తగ్గిపోతుంది. ఒకేసారి రెండు మూడు కోసేస్తే గొర్రెకుండే 100 ఫుడ్‌లో మీ చేతికి వచ్చేది తక్కువ. కోసే చోటు టౌన్ సెంటర్‌కు నాలుగడుగుల దూరమైనా ఆ నడక అంతా నష్టమే.

ఏడు నుంచి పది వరకు నలుగురు వుడ్‌కు. ఏడోవాడు అడవి అంచున, చెట్లకు ఆనుకుని, 100 వుడ్ పెట్టి, నరికిన వుడ్ తెచ్చి వేసే లంబర్ క్యాంప్ కడతాడు. చెట్టుకూ క్యాంపుకూ మధ్య ఖాళీ వదలొద్దు. ఒక్కో చెట్టులో 100 వుడ్డే ఉంటుంది కాబట్టి అడవి అంచు మెల్లగా వెనక్కి జరుగుతుంది. విలేజర్లు ఎక్కువ దూరం నడుస్తున్నారనిపిస్తే ఇంకో క్యాంపు కట్టడం లాభం.

పదకొండోవాడు, గడియారంలో సుమారు 3:20 దగ్గర పుట్టినవాడు, అడవిపందిని తెచ్చేవాడు. ఆటంతటిలో కొత్తవాళ్ళను భయపెట్టేది ఇదొక్కటే. సరిగ్గా చెబితే ఇందులో మర్మం ఏమీ లేదు. విలేజర్‌ను పంది మీద క్లిక్ చేయండి. రెండు బాణాలు తగలగానే టౌన్ సెంటర్ వైపు పరుగెత్తించండి. పంది వెంటపడుతుంది. దగ్గరికి రాగానే ఆ విలేజర్‌ను టౌన్ సెంటర్ లోపలికి పంపేసి, గొర్రెల దగ్గరున్న ఆరుగురినీ ఒకేసారి పంది మీదికి తిప్పండి. పంది పడగానే లోపలివాడిని బయటికి రప్పించి అందులోనే పనికి పెట్టండి. విలేజర్‌కు ఉండే ప్రాణం 25 మాత్రమే. మధ్యలో నిలబడినా, దారిలో చెట్టుకో ఇంటికో తగులుకున్నా చచ్చిపోతాడు. పంది ఇంకో విలేజర్ మీదికి తిరిగితే వాడిని లోపలికి పంపాలి. ఇంత కష్టం ఎందుకంటే పందిలో 340 ఫుడ్ ఉంటుంది, పైగా గొర్రె కంటే పంది మాంసం వేగంగా వస్తుంది. గొర్రె మీద విలేజర్ సెకనుకు సుమారు 0.33 ఫుడ్ తెస్తే, పంది మీద 0.41 తెస్తాడు. మొదటి పందిలో 150 ఫుడ్ మిగిలి ఉండగా రెండోదానికి బయల్దేరండి. దెబ్బలు తిన్నవాడిని మళ్ళీ పంపొద్దు, నిండు ప్రాణంతో ఉన్నవాడిని పంపండి.

పన్నెండోవాడు ఒక ఇల్లు, తర్వాత పళ్ళ పొదల పక్కన 100 వుడ్‌తో మిల్లు కట్టి పళ్ళు కోస్తాడు. షిఫ్ట్ వాడాల్సింది ఇక్కడే. ఈ ఇల్లు 5:00 లోపు పూర్తికావాలి. పదిహేనో విలేజర్ బయటికి వచ్చే సమయం అదే, అప్పటికి పదిహేను చోట్లూ నిండిపోయి ఉంటాయి. పదమూడు, పద్నాలుగు, పదిహేను కూడా పళ్ళకే.

పదహారు, పదిహేడు టౌన్ సెంటర్ దగ్గరి మాంసానికి. ఇప్పుడు అక్కడ తొమ్మిది మంది అవుతారు. ఒకే జంతువు చుట్టూ అందరూ పట్టరు, కాబట్టి పందినీ గొర్రెనూ ఒకేసారి నడిపించండి. పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటి వరకు నలుగురూ వుడ్‌కు. 6:30 ప్రాంతంలో వుడ్ దగ్గరివాళ్ళలో ఒకరితో ఇంకో ఇల్లు. ఇది మరిచిపోతే 7:00 దగ్గర టౌన్ సెంటర్ ఆగిపోతుంది.

ఇరవై ఒకటో విలేజర్ తర్వాత 50 గోల్డ్‌తో లూమ్. ఇది విలేజర్ల ప్రాణం 25 నుంచి 40కి పెంచుతుంది. దానికీ 25 సెకన్లే. లూమ్ అవగానే 500 ఫుడ్ ఉంటే ఫ్యూడల్ ఏజ్ నొక్కండి. మిల్లు, లంబర్ క్యాంప్ రెండూ కట్టాం కాబట్టి డార్క్ ఏజ్‌లో కావాల్సిన రెండు భవనాల నిబంధన తీరిపోయినట్టే. ఇళ్ళు ఆ లెక్కలోకి రావు.

ఇప్పుడు కూడిక చూడండి. మొదటి ముగ్గురిని తీసేస్తే తయారుచేసింది 18 మందిని. 18 ఇంటూ 25 అంటే 450 సెకన్లు, లూమ్ 25, మొత్తం 475. అంటే 7:55. టౌన్ సెంటర్ ఒక్క సెకను కూడా ఆగకపోతే నొక్కే సమయం కచ్చితంగా ఇదే. ఫ్యూడల్ రావడానికి 130 సెకన్లు, అంటే 10:05. మీరు 9:10కి నొక్కారంటే ఎక్కడో 75 సెకన్లు, ముగ్గురు విలేజర్లు పోయినట్టు.

ఆ 75 సెకన్లు ఎక్కడ పోతాయి

ఎక్కువమందికి పోయేది టౌన్ సెంటర్ ఖాళీగా ఉండటంలో. పందిని తెచ్చే హడావిడిలో హెచ్, క్యూ మరిచిపోతారు. పంది దగ్గరికి వెళ్ళే ముందు కనీసం ఇద్దరిని వరసలో పెట్టడం మందు. అలాగని ఐదుగురిని పెట్టేస్తే ఇంకా పుట్టని వాళ్ళకు 250 ఫుడ్ ముందే కట్టేసినట్టు, లూమ్ తర్వాత 500కు ఎదురుచూడాల్సి వస్తుంది. వరసలో ఎప్పుడూ ఒకరో ఇద్దరో ఉంటే చాలు.

రెండోది ఇళ్ళు. మూడోది ఫుడ్ చాలకపోవడం. పంది ఆలస్యమైందనో, నడక ఎక్కువైందనో 7:55కి చేతిలో 420 ఫుడ్డే ఉంటుంది. అప్పుడు చేతులు కట్టుకుని కూర్చోకుండా ఇంకో విలేజర్‌ను చేసి, ఆయన బయటికొచ్చాక నొక్కండి. 25 సెకన్ల ఆలస్యానికి బదులుగా ఒక మనిషి మిగులుతాడు.

పందికి విలేజర్ బలైపోతే ఆట వదిలి మళ్ళీ మొదలుపెట్టడం చాలామంది చేసే పని. దానివల్ల ఆరో నిమిషం తర్వాతి ఆట ఎప్పటికీ రాదు. పోయినవాడిని పోనిచ్చి కొనసాగించండి.

పైకి వెళ్ళే 130 సెకన్లు

టౌన్ సెంటర్ ఏజ్ మారుతున్నంతసేపు విలేజర్లను చేయలేదు. కానీ పని ఆగదు. నొక్కగానే మాంసం దగ్గరి తొమ్మిది మందిలో నలుగురిని వుడ్‌కు పంపండి. 175 వుడ్ పోగవగానే ఒకరిద్దరితో బ్యారక్స్ కట్టించండి. గుర్రాలు తయారయ్యే స్టేబుల్ కావాలంటే బ్యారక్స్ తప్పనిసరి, కట్టడానికి 50 సెకన్లు పడుతుంది. ఫ్యూడల్ వచ్చాక మొదలుపెడితే ఆ 50 సెకన్లూ వృథా.

10:05కి ఫ్యూడల్ రాగానే ఇద్దరు ముగ్గురు కలిసి 175 వుడ్‌తో స్టేబుల్, టౌన్ సెంటర్‌లో మళ్ళీ విలేజర్లు, లంబర్ క్యాంపులో 100 ఫుడ్, 50 వుడ్‌తో వుడ్ వేగంగా నరికించే డబుల్ బిట్ యాక్స్. ఈ మూడూ ఆ వరసలోనే. మిల్లులో పొలాల దిగుబడి పెంచే హార్స్ కాలర్‌కు మిగతా నాగరికతలవాళ్ళు 75 ఫుడ్, 75 వుడ్ కడతారు. ఫ్రాంక్స్‌కు అది ఉచితంగా వచ్చేస్తుంది.

మాంసం అయిపోతున్నకొద్దీ ఆ విలేజర్లను పొలాల మీదికి మార్చాలి. పొలానికి 60 వుడ్. ఎన్ని పొలాలు కావాలన్నదానికీ లెక్క ఉంది. 25 సెకన్లకు 50 ఫుడ్ అంటే ఒక టౌన్ సెంటర్ సెకనుకు 2 ఫుడ్ తింటుంది. రైతు తెచ్చేది సెకనుకు దాదాపు మూడో వంతు. అంటే ఒక్క టౌన్ సెంటర్‌కే ఆరేడు పొలాలు. గుర్రాలు, నైట్‌లు కూడా కావాలంటే పదిహేను దాటాలి. అన్నీ ఒకేసారి వేయొద్దు. వుడ్ వచ్చినప్పుడల్లా ఒకటి, రెండు. మిల్లులో ఆటోమేటిగ్గా పొలం మళ్ళీ వేసే బటన్ ఆన్ చేసి వదిలేయండి.

గుర్రాలతో ఏం చేయాలి

స్కౌట్‌కు 80 ఫుడ్, 30 సెకన్లు. మూడు తయారుచేసి, పాతదాన్ని కలుపుకుని నాలుగుతో బయల్దేరండి. వెళ్ళాల్సింది అవతలివాళ్ళ టౌన్ సెంటర్ కిందికి కాదు, అక్కడ బాణాలు తింటారు. అడవి అంచు, గోల్డ్ గని, పళ్ళ పొదలు చూసుకుని వెళ్ళండి. ఒకే విలేజర్‌ను నాలుగూ కలిసి కొట్టాలి. చంపలేకపోయినా నష్టం లేదు. వాళ్ళు లోపల దాక్కున్నంతసేపు వాళ్ళ వుడ్ ఆగిపోతుంది, ఇక్కడ మీ వుడ్ పెరుగుతుంది. ఈ దాడిలో వచ్చే లాభం అసలు ఇదే. మన గుర్రాలు అవతల తిరుగుతుంటే కళ్ళన్నీ అక్కడే పెట్టి ఇంటిని మరిచిపోవడం మాత్రం పెద్ద పొరపాటు. ఐదారు సెకన్లకోసారి హెచ్, క్యూ.

ఎదురుగా ఈటెగాళ్ళు కనిపిస్తే తప్పుకోండి. 35 ఫుడ్, 25 వుడ్ ఖరీదు చేసే స్పియర్‌మన్ గుర్రానికి మృత్యువు. వాళ్ళకు విరుగుడు విల్లుకాళ్ళు, ఒక్కొక్కరికి 25 వుడ్, 45 గోల్డ్. విల్లుకాళ్ళకు విరుగుడు బల్లెం విసిరే స్కర్మిషర్లు, 25 ఫుడ్, 35 వుడ్, గోల్డ్ అక్కర్లేదు. ఎదుటివాళ్ళు ఏం చేస్తున్నారో చూసి దానికి విరుగుడు చేయడం, మనం చేసేది వాళ్ళు చూశారని తెలియగానే ఇంకోటి మొదలుపెట్టడం: ఇన్నేళ్ళుగా ఈ ఆట పాతబడకపోవడంలో ఈ చదరంగానిదీ పెద్ద పాత్రే.

క్యాజిల్ ఏజ్‌కు

ఈ మూడో దశకు 800 ఫుడ్, 200 గోల్డ్, 160 సెకన్లు. ఫ్యూడల్ భవనాలు రెండు ఉండాలి. స్టేబుల్ ఎలాగూ ఉంది, 150 వుడ్‌తో బ్లాక్‌స్మిత్ కడితే సరిపోతుంది. 12వ నిమిషం నుంచి నలుగురు గోల్డ్ మీద ఉండాలి. నేర్చుకునేవాళ్ళు 18:00 లోపు నొక్కగలిగితే బాగా ఆడుతున్నట్టే.

మొదట్లో ఇచ్చిన 200 స్టోన్‌ను ఇప్పటిదాకా ముట్టుకోకండి. క్యాజిల్ ఏజ్‌లో కొత్త టౌన్ సెంటర్‌కు 275 వుడ్, 100 స్టోన్. అంటే చేతిలో ఉన్న స్టోన్ సరిగ్గా రెండింటికి వస్తుంది. ఫ్యూడల్‌లో భయపడి 125 స్టోన్ పెట్టి ఒక టవర్ కడితే మిగిలే 75తో ఒక్క టౌన్ సెంటర్ కూడా రాదు. రెండో స్టేబుల్ కట్టి, 60 ఫుడ్, 75 గోల్డ్ చొప్పున నైట్‌లను ఆపకుండా చేయండి, పక్కనే టౌన్ సెంటర్లు పెంచండి. ఫ్రాంక్స్ నైట్‌లను ఈ దశలో విల్లుకాళ్ళతో ఆపడం చాలా కష్టం. ఈటెగాళ్ళు, మతగురువులు కనబడితే జాగ్రత్త. మతగురువు పాట పాడి మీ నైట్‌ను తనవైపు తిప్పేసుకుంటాడు. ముందు వాళ్ళ మీదే పడాలి.

సాధన

డెఫినిటివ్ ఎడిషన్‌లోనే ఆర్ట్ ఆఫ్ వార్ అనే విభాగం ఉంది. అందులో ఎర్లీ ఎకానమీ అనే పాఠం సరిగ్గా ఇక్కడ చెప్పిన పనికే, సమయాన్ని బట్టి పతకాలు ఇస్తుంది. మొదటి వారం అదొక్కటి చాలు. తర్వాత కంప్యూటర్‌తో మోడరేట్, హార్డ్, హార్డెస్ట్, ఎక్స్‌ట్రీమ్ వరసలో ఎక్కండి. హార్డ్‌ను వరసగా మూడుసార్లు ఓడించగలిగితే మనుషులతో ఆడే ర్యాంక్డ్‌కు సిద్ధమైనట్టే. అక్కడ అందరూ 1000 పాయింట్లతో మొదలవుతారు. మొదటి ఆటల్లో ఓడిపోవడం మామూలే. పాయింట్లు తగ్గుతూ మీ స్థాయివాళ్ళ దగ్గరికి చేరుస్తాయి, అక్కడినుంచి ఆటలు సమానంగా ఉంటాయి.

ఆట అయ్యాక రికార్డింగ్ తెరిచి మొదటి ఎనిమిది నిమిషాలు మాత్రం చూడండి. యుద్ధం అంతా చూడక్కర్లేదు. మీ టౌన్ సెంటర్ మీద క్లిక్ చేసి ఉంచి, వరస ఖాళీ అయిన ప్రతిసారీ గడియారం చూసి కాగితం మీద రాసుకోండి. పంది దగ్గర 14 సెకన్లు, ఇల్లు లేక 20 సెకన్లు, అలా. రేపటి ఆటలో వాటిలో పెద్దదాన్ని ఒక్కదాన్నే సరిచేయండి. 8:20కి నొక్కారనుకుందాం. 7:55కీ దానికీ తేడా 25 సెకన్లు, అంటే ఒక్క విలేజర్. వాడు ఏ నిమిషంలో పుట్టాల్సింది, అప్పుడు మీ చూపు తెరమీద ఎటువైపు ఉందో ఆ రికార్డింగే చూపిస్తుంది.